జీతంలో ఎక్కువ కట్ అయిన ట్యాక్స్: ఒక ఫోన్ డబ్బులు వెనక్కి వచ్చిన లెక్క

ముందే చెప్పేస్తున్నా, ఈసారి ఫోన్ రివ్యూ కాదు. కానీ మొదలైంది మాత్రం ఫోన్ దగ్గరే.

మన్సూరాబాద్‌లో మేముండే ఇంట్లో పై పోర్షన్‌లో ఒక కుర్రాడు ఉంటాడు. అమ్మానాన్నలతో కలిసి ఉంటున్నాడు, రోజూ ఎల్బీ నగర్ మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో మారి రాయదుర్గం వెళ్లి ఉద్యోగం చేసొస్తాడు. జులైలో ఒక ఆదివారం కిందికొచ్చి "అన్నా, 25 వేల లోపు మంచి ఫోన్ చెప్పు" అన్నాడు. నేను అలవాటు ప్రకారం ఇంకో 15 వేలు కలిపితే కెమెరా, ప్రాసెసర్ రెండూ వేరే లెవెల్‌లో ఉంటాయని చెప్పా. వాడు నవ్వి, "పోయినేడాది ట్యాక్స్‌కే 40 వేలు పోయాయన్నా. అవి ఉంటే ఈపాటికి కొనేసేవాణ్ని" అన్నాడు.

నెలకి 80 వేల జీతం, 18 వేల అద్దె, ఇంకా తీరని బీటెక్ ఎడ్యుకేషన్ లోన్, ఎల్ఐసీ, అమ్మానాన్నలకి హెల్త్ ఇన్సూరెన్స్. ఇవన్నీ ఉన్నవాడు 40 వేలు ట్యాక్స్ కట్టడం ఏంటి? ఫామ్ 16 తీసుకురమ్మన్నా. ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. రెండు గంటల్లో తేలిందేంటంటే, వాడు కట్టాల్సిన ట్యాక్స్ సున్నా.

డీఫాల్ట్ సెట్టింగే అసలు విలన్

కొత్త ఫోన్ ఆన్ చేయగానే మనం చూడకుండా "నెక్స్ట్, నెక్స్ట్, అగ్రీ" కొట్టేస్తాం కదా. జీతాల దగ్గర కూడా అదే జరుగుతోంది. ఏప్రిల్‌లో హెచ్ఆర్ నుంచి "ఇన్వెస్ట్‌మెంట్ డిక్లరేషన్" అని ఒక మెయిల్ వస్తుంది. పాత పన్ను విధానమా, కొత్తదా, అద్దె ఎంత, పొదుపు ఎంత అని అడుగుతారు. చాలామంది ఆ మెయిల్ తెరవరు. మనం ఏదీ ఎంచుకోకపోతే కొత్త విధానం దానంతట అదే వర్తిస్తుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానాన్నే చట్టంలో డీఫాల్ట్ చేశారు.

కంపెనీ మీద కోపం తెచ్చుకోవడంలో అర్థం లేదు. చట్టం ప్రకారం మన ఏడాది ఆదాయం ఎంతుంటుందో అంచనా వేసి, దానిమీద ట్యాక్స్ లెక్కేసి, నెలనెలా కట్ చేసి ప్రభుత్వానికి కట్టడం కంపెనీ బాధ్యత. అదే టీడీఎస్. తక్కువ కట్ చేస్తే వడ్డీ, పెనాల్టీ కంపెనీ మీద పడతాయి. ఎక్కువ కట్ చేస్తే వాళ్లకి పోయేదేం లేదు, వచ్చేదీ ఏం లేదు. ఆ డబ్బు మన పాన్ నంబర్ మీదే ప్రభుత్వం దగ్గర జమ అవుతుంది. అందుకే మన నుంచి కాగితం రాకపోతే పేరోల్ వాళ్లు ఎప్పుడూ ఎక్కువ వైపే మొగ్గుతారు.

ఇక మావాడి లెక్క చూద్దాం. ఇది 2024-25 సంవత్సరానిది, అంటే 2025లో రిటర్న్ వేసిన ఏడాదిది.

ఏడాది జీతం 9,60,000. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోతే 8,85,000 మిగిలింది. మొదటి 3 లక్షలకి ట్యాక్స్ లేదు. 3 నుంచి 7 లక్షల దాకా 5 శాతం, అంటే 20 వేలు. ఆ పైన 1,85,000కి 10 శాతం, అంటే 18,500. మొత్తం 38,500, దానిమీద 4 శాతం సెస్ కలిపితే 40,040 రూపాయలు. కంపెనీ కట్ చేసింది సరిగ్గా ఇదే. లెక్కలో పైసా తప్పులేదు. తప్పల్లా ఎంచుకున్న విధానంలోనే ఉంది.

ఇప్పుడు అదే జీతాన్ని పాత విధానంలో పెడదాం. ముందు ఇంటి అద్దె. వాడి బేసిక్ నెలకి 40 వేలు, అందులో 40 శాతం, అంటే 16 వేలు హెచ్ఆర్ఏ. దీనిలో ఎంత మినహాయింపు వస్తుందో మూడు అంకెలు చూసి చెబుతారు: వచ్చిన హెచ్ఆర్ఏ మొత్తం (1,92,000), కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో 10 శాతం తీసేస్తే మిగిలేది (2,16,000 లోంచి 48,000 పోగా 1,68,000), బేసిక్‌లో 40 శాతం (1,92,000). మూడింటిలో ఏది తక్కువైతే అది. కాబట్టి 1,68,000.

ఇక్కడ ఒక చిన్న బాధ చెప్పుకోవాలి. 2024-25లో బేసిక్‌లో 50 శాతం లెక్క ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై వాళ్లకే ఉండేది. మనకి ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రో రైలు పరిగెడుతున్నా, ఆ సంవత్సరం హెచ్ఆర్ఏ లెక్కలో హైదరాబాద్ "మెట్రో" కాదు. అద్దెలు మాత్రం మెట్రో లెవెల్‌లోనే ఉన్నాయి!

సరే, 9,60,000 లోంచి 1,68,000 తీసేస్తే 7,92,000. స్టాండర్డ్ డిడక్షన్ పాత విధానంలో 50 వేలే. ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకి 200 చొప్పున 2,400. మిగిలింది 7,39,600. సెక్షన్ 80సీ కింద పీఎఫ్ 57,600, ఎల్ఐసీ 32,400, ట్యాక్స్ సేవర్ మ్యూచువల్ ఫండ్‌లో నెలకి 5 వేల చొప్పున 60 వేలు. మొత్తం కచ్చితంగా లక్షన్నర. అమ్మానాన్నల హెల్త్ ఇన్సూరెన్స్ 25 వేలు 80డీ కింద. ఇప్పటికి 5,64,600 దగ్గర ఆగాం. ఇక్కడే ఆగి ఉంటే ట్యాక్స్ దాదాపు 26,440 అయ్యేది. కొత్త విధానంతో పోలిస్తే 13,600 మిగులు. అదీ బాగానే ఉంది.

కానీ ఎడ్యుకేషన్ లోన్ సంగతి వాడు మర్చిపోయాడు. దానిమీద ఏడాదిలో కట్టిన వడ్డీ 70 వేలు. సెక్షన్ 80ఈ కింద ఈ వడ్డీ మొత్తాన్నీ తీసేయొచ్చు, పైపరిమితి లేదు. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్ల వరకూ ఈ సౌకర్యం ఉంటుంది. అసలుకి రాదు, వడ్డీకే. లోన్ మన పేరు మీద ఉండాలి, బ్యాంకు నుంచో గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ నుంచో తీసుకున్నదై ఉండాలి. చుట్టాల దగ్గర తెచ్చిన అప్పుకి కుదరదు. 70 వేలు తీసేసరికి ఆదాయం 4,94,600కి దిగింది. పాత విధానంలో 5 లక్షల లోపు ఉంటే 87ఏ రిబేట్‌తో ట్యాక్స్ సున్నా.

40,040 మొత్తం వెనక్కి. "అన్నా, నిజమేనా?" అని వాడు మూడుసార్లు అడిగాడు.

అందరికీ పాత విధానమే లాభమని మాత్రం అనుకోవద్దు. అద్దె, లోన్, 80సీ లేనివాళ్లకి కొత్తదే చవక. ఇన్‌కమ్ ట్యాక్స్ వెబ్‌సైట్‌లో రెండింటినీ పక్కపక్కన చూపించే క్యాలిక్యులేటర్ ఉంది, లాగిన్ కూడా అక్కర్లేదు. మీ అంకెలు వేసి చూసుకోండి.

నేను పోగొట్టుకున్న 26 వేలు

వాడికి ఇంత ఓపిగ్గా చెప్పడానికి కారణం, నాకు చెప్పేవాళ్లు అప్పట్లో లేకపోవడమే. 2022-23లో నేను జనవరిలో అద్దె రసీదులు ఆఫీసులో ఇవ్వలేదు. కంపెనీ హెచ్ఆర్ఏ మినహాయింపు తీసేసి ఫిబ్రవరి, మార్చి జీతాల్లో గట్టిగా కోసింది. ఫామ్ 16లో హెచ్ఆర్ఏ సున్నా అని ఉంది. ఫామ్ 16లో లేనిది రిటర్న్‌లో పెట్టకూడదేమో అనుకుని, ఉన్నది ఉన్నట్టు ఫైల్ చేశా. నెలకి 15 వేల అద్దె, 45 వేల బేసిక్. అంటే 1,26,000 మినహాయింపు వదిలేశా. 20 శాతం స్లాబ్‌లో సెస్‌తో కలిపి 26,208 రూపాయలు.

నిజానికి ఫామ్ 16లో లేకపోయినా, అద్దె కట్టిన ఆధారాలుంటే రిటర్న్‌లో హెచ్ఆర్ఏ క్లెయిమ్ చేసుకోవచ్చు. 80సీ, 80డీ, 80ఈ కూడా అంతే. రేపు డిపార్ట్‌మెంట్ అడిగితే రసీదులు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు చూపించగలగాలి. ఆఫీసుకి ప్రూఫ్ ఇచ్చే తేదీ దాటితే పోయేది ఆ రెండు నెలల చేతి డబ్బే గానీ హక్కు కాదు. నాకు ఇది తెలిసేసరికి 2024 మార్చి వచ్చేసింది. రిటర్న్‌ని సరిదిద్దుకునే రివైజ్డ్ గడువు 2023 డిసెంబర్ 31తోనే అయిపోయింది. ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్న్ ట్యాక్స్ ఇంకా కట్టడానికే పనికొస్తుంది, రిఫండ్ అడగడానికి పనికిరాదు. ఆ లెక్కన ఒక మంచి మిడ్‌రేంజ్ ఫోన్ నేను ప్రభుత్వానికి గిఫ్ట్ ఇచ్చినట్టే.

మన ఏజ్ వాళ్లకి ఎక్కువగా జరిగేవి

ఏడాది మధ్యలో ఉద్యోగం మానేసి ఎంఎస్‌కి అమెరికా వెళ్లేవాళ్లు ప్రతి కాలనీలో ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కలైతే చెప్పక్కర్లేదు. ఏప్రిల్‌లో కంపెనీ ఏమనుకుంటుంది? వీడు మార్చి దాకా ఉంటాడనుకుంటుంది. 2024-25లో 80 వేల జీతానికి నెలకి 3,337 చొప్పున కట్ చేసేది. జులై చివర్లో మానేస్తే నాలుగు నెలల జీతం 3,20,000. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 2,45,000. ఇది 3 లక్షల లోపే కాబట్టి ట్యాక్స్ సున్నా. కట్ అయిన 13 వేల చిల్లర ఎవరిది? తనదే. కానీ రిటర్న్ వేస్తేనే వస్తుంది. వీసా, ఫ్లైట్, సూట్‌కేసు బరువుల హడావిడిలో ఇది ఎవరికీ గుర్తుండదు.

ఇంకో చిక్కుంది, ఇది మన సైట్ పాఠకులకి బాగా అర్థమవుతుంది. రిటర్న్ వేశాక 30 రోజుల్లో వెరిఫై చేయాలి. ఎక్కువమంది వాడేది ఆధార్ ఓటీపీ. అది ఆధార్‌కి లింకైన ఇండియా సిమ్‌కే వస్తుంది. అమెరికా వెళ్లిన రెండు నెలలకే ఆ సిమ్‌కి రీఛార్జ్ చేయడం మానేసి ఉంటారు. నెట్ బ్యాంకింగ్ ద్వారా వెరిఫై చేయొచ్చు గానీ, దాని ఓటీపీ కూడా చాలా బ్యాంకుల్లో అదే సిమ్‌కి. ఇవేవీ కుదరకపోతే ఐటీఆర్-వి ప్రింట్ తీసి సంతకం పెట్టి బెంగళూరులోని సీపీసీకి పోస్టులో పంపాలి. వెళ్లేముందు ఇండియా నంబర్‌ని ఈసిమ్‌గా మార్చుకుని, రోమింగ్‌లో బతికించుకోండి. ఫిజికల్ స్లాట్ అమెరికా సిమ్‌కి ఖాళీగా ఉంటుంది. అక్కడ అదే ఏడాదిలో ఆర్ఏ జీతం లాంటివి మొదలైతే మాత్రం రెసిడెంటా, నాన్ రెసిడెంటా అన్న లెక్క ఒకసారి సీఏకి చూపించుకోండి. 87ఏ రిబేట్ రెసిడెంట్లకి మాత్రమే.

ఫీజుల కోసం నాన్న అకౌంట్ నుంచి డబ్బు పంపినప్పుడు బ్యాంకు టీసీఎస్ అని కొంత తీసుకుంటుంది. 2024-25లో ఏడాదికి 7 లక్షలు దాటిన మొత్తం మీద చదువుకైతే 5 శాతం, బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ డబ్బైతే అర శాతం. 2025 ఏప్రిల్ నుంచి పరిమితిని 10 లక్షలకి పెంచారు, ఎడ్యుకేషన్ లోన్ నుంచి పంపేదానికి టీసీఎస్ పూర్తిగా తీసేశారు. ఇది ఖర్చు కాదు, నాన్న పాన్ మీద జమ అయిన ముందస్తు ట్యాక్స్. ఆయన రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, మిగిలితే రిఫండ్. 10 లక్షలు దాటిన కారు కొన్నప్పుడు షోరూమ్ వాళ్లు వేసే 1 శాతం కూడా ఇదే బాపతు. దాన్ని షోరూమ్ ఛార్జీ అనుకుని వదిలేసినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

స్టార్టప్‌లో ఇంటర్న్‌గానో, "కన్సల్టెంట్"గానో చేరినవాళ్ల సంగతి వేరు. వీళ్లకి పీఎఫ్ ఉండదు, పేస్లిప్ ఉండదు, ప్రతి నెలా 10 శాతం కట్. నెలకి 25 వేలు వచ్చే కుర్రాడికి ఏడాదికి 30 వేలు పోతాయి. ఆదాయం 3 లక్షలే కాబట్టి ట్యాక్స్ సున్నా, 30 వేలూ వెనక్కి రావాలి. అయితే చట్టం దృష్టిలో ఇది జీతం కాదు, ప్రొఫెషనల్ ఆదాయం. ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-3 గానీ 4 గానీ వేయాలి.

యూట్యూబ్ ఛానెల్ ఉన్న మిత్రుల కోసం ఒక మాట. ఒక కంపెనీ ఏడాదిలో 20 వేలు దాటిన విలువైన ఫోన్లు, గాడ్జెట్లు మీ దగ్గరే ఉంచుకోమని ఇస్తే, 2022 జులై 1 నుంచి 10 శాతం టీడీఎస్ పడుతుంది. రివ్యూ చేసి వెనక్కి పంపేస్తే పడదు, దీనిమీద 2022 జూన్‌లోనే సర్క్యులర్ వచ్చింది. అందుకే రివ్యూ యూనిట్ వెనక్కి పంపిన కొరియర్ రసీదుల్ని నేను ఫోటో తీసి దాచుకుంటా. ఉంచేసుకున్న ఫోన్ విలువని ఆదాయంగా చూపించాలి. మొత్తం ఆదాయం తక్కువైతే ఆ టీడీఎస్ కూడా వెనక్కి వస్తుంది.

క్రిప్టో అమ్మినప్పుడు కట్ అయిన 1 శాతాన్ని కూడా రిటర్న్‌లో లెక్కకి తెచ్చుకోవచ్చు. ఫాంటసీ గేముల్లో గెలిచినదానిమీద కట్ అయిన 30 శాతం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. దానికి బేసిక్ మినహాయింపు ఉండదు, ట్యాక్స్ రేటే 30.

మధ్యలో కంపెనీ మారినవాళ్లకి సాధారణంగా జరిగేది దీనికి రివర్స్. రెండు కంపెనీలూ వేర్వేరుగా మినహాయింపులు ఇచ్చేస్తాయి, చివర్లో మనమే ఎదురు కట్టాల్సి వస్తుంది. రిఫండ్ వస్తుందని ఫోన్ ఈఎంఐలో తీసేసుకోకండి.

పోర్టల్‌లో ఏం చేశామంటే

ఇన్ఫోసిస్ తయారుచేసిన ఈ-ఫైలింగ్ పోర్టల్ 2021 జూన్ 7న మొదలైనప్పుడు ఎన్ని తిట్లు తిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆర్థిక మంత్రి ఆ కంపెనీ సీఈవోనే పిలిపించి అడిగిన పరిస్థితి. ఇప్పుడు చాలా నయం. చివరి రెండు రోజులు తప్ప బాగానే పనిచేస్తుంది. ఫైలింగ్‌కి ఒక్క రూపాయి ఫీజు లేదు.

పాన్‌తో లాగిన్ అయి ముందు 26ఏఎస్, ఏఐఎస్ డౌన్‌లోడ్ చేశాం. కంపెనీ, బ్యాంకు, బ్రోకర్ మన పేరు మీద ఏమేం కట్ చేశారో అన్నీ అందులో ఉంటాయి. ఏఐఎస్‌కి ఫోన్ యాప్ కూడా ఉంది. ఫామ్ 16లో ఉన్న టీడీఎస్, 26ఏఎస్‌లో ఉన్న టీడీఎస్ ఒకటే అయితేనే ముందుకెళ్లాలి. తేడా ఉంటే కంపెనీ ఇంకా సరిగ్గా జమ చేయలేదని అర్థం.

తర్వాత ఐటీఆర్-1. జీతం, టీడీఎస్ ముందే నింపి ఉంటాయి. మొదట్లోనే ఒక ప్రశ్న వస్తుంది: కొత్త విధానం నుంచి బయటికి వస్తారా అని. డీఫాల్ట్‌గా "నో" అని ఉంటుంది. పాత విధానం కావాలంటే "ఎస్" నొక్కాలి. ఇలా తలకిందులుగా అడిగే డిజైన్ ఎవరు చేశారో గానీ, ఎంతమంది తొందరలో తప్పు నొక్కుతారో అనిపించింది. 2025లో వివరాలు కూడా ఎక్కువ అడిగారు. హెచ్ఆర్ఏకి అద్దె, బేసిక్, పనిచేసే ఊరు. ఇన్సూరెన్స్‌కి కంపెనీ పేరు, పాలసీ నంబర్. ఎడ్యుకేషన్ లోన్‌కి బ్యాంకు పేరు, అకౌంట్ నంబర్, మంజూరైన తేదీ, బాకీ. కాగితాలన్నీ పక్కన పెట్టుకుని కూర్చోండి.

షేర్లలో ఒక్క ఇంట్రాడే ట్రేడ్ చేసినా ఐటీఆర్-1 మీది కాదు, ఐటీఆర్-3కి వెళ్లాలి. అప్పుడు పాత విధానం కోసం ఫామ్ 10-ఐఈఏ అని ఇంకోటి ముందే వేయాలి.

ఎక్కువమంది రిఫండ్ ఆగిపోయేది బ్యాంకు అకౌంట్ దగ్గర. పోర్టల్‌లో అకౌంట్‌ని ముందుగా వాలిడేట్ చేయాలి, పాన్‌లో పేరు, బ్యాంకులో పేరు కలవాలి. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఇంకో చోట పొడి అక్షరంగా, ఒక చోట ముందు, ఇంకో చోట వెనక ఉంటుంది. మావాడికీ ఇదే తేడా వచ్చింది. బ్యాంకుకెళ్లి పేరు సరిచేయించుకుని రావడానికి నాలుగు రోజులు పట్టింది. పాన్, ఆధార్ లింక్ కాకపోయినా రిఫండ్ రాదు, పైగా టీడీఎస్ 20 శాతం చొప్పున పడుతుంది.

జులై నెలాఖరులోపే ఫైల్ చేసి, ఆధార్ ఓటీపీతో అప్పటికప్పుడు వెరిఫై చేశాం. ఆగస్టు రెండో వారంలో 41,040 జమ అయ్యాయి. ఆ పైన వెయ్యి ఎక్కడిదంటే, గడువులోపు వేసినవాళ్లకి ఏప్రిల్ 1 నుంచి నెలకి అర శాతం వడ్డీ ఇస్తారు. 40 వేలకి నెలకి 200, ఐదు నెలలకి వెయ్యి. రిఫండ్ మన ట్యాక్స్‌లో 10 శాతం కన్నా తక్కువైతే వడ్డీ ఉండదు. వచ్చిన వడ్డీని మళ్లీ వచ్చే ఏడాది ఆదాయంలో చూపించాలి, రిఫండ్‌ని కాదు.

2025లో గడువుని జులై 31 నుంచి మొదట సెప్టెంబర్ 15కి జరిపారు. అది దాటితే డిసెంబర్ 31 దాకా ఆలస్యపు రిటర్న్ వేయొచ్చు గానీ, అందులో పాత విధానం ఎంచుకునే వీలుండదు. పైగా లేట్ ఫీజు 5 లక్షల లోపు ఆదాయానికి వెయ్యి, ఆ పైన 5 వేలు. మావాడు గడువు దాటించి ఉంటే 40,040లో ఒక్క రూపాయీ వచ్చేది కాదు.

షార్ట్‌కట్ వద్దు

"మీకు 60 వేలు రిఫండ్ తెప్పిస్తా, 10 శాతం కమిషన్ ఇవ్వండి" అనేవాళ్లు ప్రతి ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు. వాళ్లు చేసేది లేని అద్దె, ఇవ్వని పార్టీ విరాళం, కట్టని ఇన్సూరెన్స్ రాసేయడమే. 2023లో హైదరాబాద్‌లోనే ఇలాంటి కన్సల్టెంట్ల ఆఫీసుల్లో ఐటీ శాఖ సర్వేలు జరిగాయి. 2025 జులై 14న దేశవ్యాప్తంగా తనిఖీలు చేశారు. నోటీసులు, మెయిళ్లు చూసి భయపడి అంతకుముందు నాలుగు నెలల్లోనే 40 వేల మంది రిటర్న్‌లు సరిదిద్దుకుని 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని శాఖే ప్రకటించింది. తప్పుడు వివరాలకి పెనాల్టీ ఆ ట్యాక్స్‌కి రెండింతలు. నోటీసు వచ్చేది మన పాన్ మీద, కమిషన్ తీసుకున్నవాడి మీద కాదు.

ఇక మెసేజ్‌లు. "మీకు 15,490 రూపాయల రిఫండ్ మంజూరైంది, ఈ లింక్ నొక్కండి" అని 2023లో తిరిగిన మెసేజ్ ఫేక్ అని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పింది. అలాంటివి ప్రతి సీజన్‌లోనూ వస్తాయి. రిఫండ్ కోసం డిపార్ట్‌మెంట్ ఏ పిన్నూ, కార్డు నంబరూ అడగదు, ఏపీకే ఫైల్ పంపదు. పొరపాటున నొక్కి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

2025-26కి కథ మారింది. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేట్ ఉంది, స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12,75,000 జీతం దాకా ట్యాక్స్ సున్నా. అందుకే మావాడికి ఏప్రిల్ నుంచి ఏమీ కట్ కావడం లేదు. ఇప్పుడు చూసుకోవాల్సింది ఆ పైన జీతం ఉండి, హోమ్ లోన్ వడ్డీ, అద్దె గట్టిగా ఉన్నవాళ్లు.

ఓనర్ అంకుల్ పాన్ కార్డు

ఒక సంగతి దాటేశా. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ ఇవ్వాలి. మా ఓనర్ అంకుల్ ముందు ససేమిరా అన్నారు. "రసీదులు ఎన్నైనా ఇస్తా గానీ పాన్ ఇస్తే నన్ను పట్టుకుంటారు బాబూ" అని. ఆయనకి పెన్షన్ లేదు, మా రెండు పోర్షన్ల అద్దెలే ఆధారం. కాగితం మీద లెక్కేసి చూపించా. రెండిళ్ల అద్దె 4,32,000. అందులో 30 శాతం చట్టమే తీసేస్తుంది. మిగిలేది 3,02,400. రిటర్న్ వేయాలి గానీ, 2024-25కి కొత్త విధానంలో 7 లక్షల దాకా రిబేట్ ఉండేది కాబట్టి ట్యాక్స్ సున్నా. పది నిమిషాలు ఆ కాగితం వైపే చూసి, లోపలికెళ్లి పాన్ కార్డు తెచ్చిచ్చారు.

మావాడికి డబ్బులొచ్చిన రోజు సాయంత్రం ఆయనే మా గుమ్మంలోకి వచ్చి, "నాదీ ఒకసారి చూడు" అన్నారు. రిజిస్ట్రేషన్ చేసి 26ఏఎస్ తెరిస్తే, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ 62 వేలు, దానిమీద బ్యాంకు కట్ చేసిన టీడీఎస్ 6,200 కనిపించాయి. ఫామ్ 15హెచ్ ఇస్తే బ్యాంకు కట్ చేయదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. వడ్డీ కలిపినా ఆదాయం 3,64,400, ట్యాక్స్ సున్నానే. ఆ 6,200కి రిటర్న్ వేసేశాం. పాత ఏళ్లవి కూడా వరసగా కట్ అయి ఉన్నాయి. వాటికి రిటర్న్ వేయలేదు, గడువు పోయింది. అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన ఐదేళ్లలోపు, ఆలస్యానికి సరైన కారణం చూపించి, మన్నించమని కమిషనర్ స్థాయి అధికారికి సెక్షన్ 119 కింద అర్జీ పెట్టుకోవచ్చు. ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు. అదే చెప్పా. ఒక ఏడాది మోకాలి ఆపరేషన్‌తో మంచంలో ఉన్నానని, ఆ హాస్పిటల్ కాగితాలు పనికొస్తాయేమోనని అడిగారు. వెతికి పెట్టమన్నా. వచ్చే సోమవారం బషీర్‌బాగ్ ఆయకార్ భవన్‌కి నేనూ, ఆయనా వెళ్తున్నాం.

కుర్రాడు ఫోన్ ఇంకా కొనలేదు. పండగ సేల్ దాకా ఆగుతాడట.